లారీ పనివారలు - సంఘబలము



లారీలు నడుపువారును, సరకు లెత్తి దించు హమాలీలును సంఘములుగా నేర్పడుటను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇది పట్టణములలోని సంగతి గదా, రచ్చబండమీద కూర్చున్న మాకు దీనితో నేమి పని యని మీరనుకొనవచ్చును. కాని లారీ చక్రమును త్రిప్పు చేతులు పల్లెలో పుట్టిన చేతులే. వానలు లేని యేట నాగలి విడిచిన పడుచువాడు మొదట క్లీనరుగా బండి యెక్కును. రెండు మూడేండ్లు గడచిన పిమ్మట లైసెన్సు పుచ్చుకొని డ్రైవరగును. మీ ధాన్యము, మీ మిరపకాయ, మీ ప్రత్తి అంగడికి చేరునది వాని చేతిమీదుగనే. మీ పొలమునకు ఎరువు వచ్చునది వాని చేతిమీదుగనే. ప్రమాదములో వాడు కాలు పోగొట్టుకొన్నచో మంచము పట్టునది మీ యూరిలోనే. వాని బిడ్డల చదువు నిలిచిపోవునది మీ బడిలోనే. కావున నిది మీ యింటి సంగతియే యని నా విన్నపము.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి, విరామము పొందిన పిదప హైదరాబాదునకు తూర్పుదిక్కున గల కాప్రాలో నివసించుచున్నాను. ఒకప్పు డిది చెరువును, పొలములును గల పల్లె. 1967లో ఎలక్ట్రానిక్ యంత్రములను చేయు ఇ.సి.ఐ.ఎల్. సంస్థయు, 1971లో అణు ఇంధన సంస్థయు ఈ ప్రాంతమున వెలసిన పిమ్మట దీని రూపము మాఱిపోయినది. చుట్టును నాచారము, మల్లాపురము, చెర్లపల్లి, ఉప్పల్ పారిశ్రామికవాడలు విస్తరించినవి. చెర్లపల్లిలో పెట్రోలు డిపోలును, వంటగ్యాసు సిలిండర్లు నింపు కర్మాగారములును గలవు. ఉప్పల్ మీదుగా వరంగల్లు పోవు రహదారి రాత్రింబవళ్లు లారీలతో నిండియుండును. ఇచటి మార్గముల ప్రక్కన లారీలు వరుసగా నిలిచియుండగా, వాని నీడలో స్టౌ వెలిగించి వంట చేసికొను డ్రైవర్లను సాయంకాలపు నడకలో చూచుట నాకు నిత్యకృత్యము. వారిలో ననేకులు నల్లగొండ, వరంగల్లు, మహబూబ్‌నగరు పల్లెలనుండి వచ్చినవారు. వారితో మాటలాడగా తెలిసిన సంగతులను, నేను చదివి తెలిసికొన్న చట్టములను జోడించి చెప్పుచున్నాను.

మొదట వారి బ్రతుకుతీరు వినుడు. కర్మాగారములో పనిచేయువానికి ద్వారము గలదు, గంట గలదు, హాజరుపట్టీ గలదు. లారీ డ్రైవరునకు ఇవి యేవియు లేవు. అనేకులకు నెలజీతము పేరునకు మాత్రమే. తక్కినది ట్రిప్పునకు ఇంత యని, బత్తా యని వారు పిలుచు దినబత్తెముగా వచ్చును. బండి కదలిననే బత్తెము. నిలిచిన దినమునకు కూలి లేదు. నా యొద్ద చదివిన యొక శిష్యుడు, పేరు చెప్పనక్కఱలేని యొక గిడ్డంగి వెలుపల మూడు దినములు వరుసలో నిలిచి, సరకు దించు వంతుకొఱకు కాచుకొనియుండెను. ఆ మూడు దినములు నిద్ర లేదు, స్నానము లేదు, కూలియు లేదు. వరుస కదలినప్పుడెల్ల బండిని ముందుకు జరుపవలయును గనుక వాడు బండి విడిచి పోవుటకు వీలులేదు. దీనిని వాడు పని చేసినట్లు ఎవరును లెక్కింపలేదు. “పంతులుగారూ, బండి నిలిచియున్నది గాని నేను నిలిచియుంటినా?” యని వాడు నన్నడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము చట్టములో నున్నదా యని వెదకబోయి నేనీ విషయమున ప్రవేశించితిని.

చట్టములో సమాధానము లేకపోలేదు. మోటారు రవాణా కార్మికుల చట్టమును మన పార్లమెంటు 1961లోనే చేసినది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయింపరాదనియు, దూరప్రయాణములలో దినమునకు 10 గంటలు, వారమునకు 54 గంటల వఱకు మాత్రమే పొడిగింపవచ్చుననియు, 5 గంటల పని ముగియులోపల నరగంట విశ్రాంతి యీయవలయుననియు, వారమున కొక దినము సెలవుండవలయుననియు అందు వ్రాసియుండెను. అధికవేళ పనికి రెట్టింపు కూలి యనియు నుండెను. ఆ చట్టమిప్పుడు వేఱుగా లేదు. 2020లో పార్లమెంటు చేసిన వృత్తిభద్రత, ఆరోగ్య, పనిపరిస్థితుల స్మృతిలో నది లీనమైనది. ఆ స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలునకు వచ్చినది. ఎనిమిది గంటల పని, వారపు విశ్రాంతి, రెట్టింపు కూలి యను సూత్రములు అందును గలవు.

అయిన నొక చిక్కు గలదు. 1961 నాటి చట్టము ఐదుగురు లేక అంతకు మించిన పనివారు గల రవాణా సంస్థలకు వర్తించెడిది. క్రొత్త స్మృతి పదుగురు గల సంస్థలకు వర్తించును. ఇప్పుడు మీరే లెక్క వేయుడు. ఒక లారీకి డ్రైవరొకడు, క్లీనరొకడు. రెండు లారీలు గల యజమాని యొద్ద నలుగురు. నాలుగు లారీలు గలవాని యొద్ద ఎనమండుగురు. మన దేశములో లారీ యజమానులలో హెచ్చుమంది చిన్నవారే. ఒకటి మొదలు ఐదు బండ్ల వఱకు గలవారే. కాబట్టి చట్టము పుస్తకములో నున్నను, రహదారిమీది డ్రైవర్లలో ననేకులకు దాని నీడ సోకదు. ఎండలో నిలిచినవానికి దూరపు మఱ్ఱిచెట్టు నీడ యెట్టిదో, వీరికి నీ చట్టము నట్టిదే.

ఇట్టి స్థితిలో వారికి దిక్కేమి? ఈ సందర్భమున మన బడులలో తరతరములుగా చెప్పుకొనుచున్న పావురముల కథ స్మరింపదగినది. వేటగాని వలలో చిక్కిన పావురములు వేఱువేఱుగా కొట్టుకొన్నంతవఱకు వల బిగిసినదే గాని విడిపోలేదు. చిత్రగ్రీవుడను వాని రాజు చెప్పగా అన్నియు నొక్కసారి ఱెక్కలు విప్పి వలతోనే యెగిరిపోయినవి. కథ యింతటితో ముగిసినదని పిల్లలనుకొందురు. ముగియలేదు. ఎగిరినను వల మెడలలోనే యున్నది. హిరణ్యకుడను ఎలుక యొక్కొక్క త్రాడును ఓపికతో కొఱికినప్పుడే వానికి విముక్తి. వలతో నెగురుట యొక్క క్షణపు ధైర్యము; వల కొఱికించుకొనుట నిదానముగా జరుగవలసిన పని. సమ్మె మొదటిది, సంఘము రెండవది. లారీ పనివారు మొదటిదానిని చేసి చూపిరి. రెండవది యింకను మిగిలియున్నది. నేటి నా ప్రసంగమునకు సారమిదియే.

సంఘమనగా నేమి? నలుగురు కూడి కేకలు వేయుట సంఘము కాదు. మన దేశములో తొలి క్రమబద్ధమైన కార్మికసంఘములలో నొకటిగా చెప్పబడు మద్రాసు కార్మిక సంఘము 1918లో బకింగుహాము, కర్నాటకు మిల్లుల పనివారికొఱకు ఏర్పడెను. బి.పి. వాడియా దానికి అధ్యక్షుడు. 1920లో లాలా లజపతిరాయి అధ్యక్షతను అఖిలభారత ట్రేడు యూనియను కాంగ్రెసు బొంబాయిలో సమావేశమయ్యెను. 1926లో ట్రేడు యూనియనుల చట్టము వచ్చినది. ఏడుగురు సభ్యులు చేతివ్రాలు చేసి రిజిస్ట్రారునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చునని అది చెప్పెను. నైజాము రాజ్యములో సంఘము లేర్పఱచుట కష్టమైన కాలమునను, 1946లో అఖిల హైదరాబాదు ట్రేడు యూనియను కాంగ్రెసు వెలసెను. ఉర్దూ కవియగు మఖ్దూం మొహియుద్దీను దానికి అధ్యక్షుడు. 1926 చట్టమును ఇప్పుడు 2020 పారిశ్రామిక సంబంధముల స్మృతిలో చేరిపోయినది. ఏడుగురు దరఖాస్తు చేయవచ్చునను నియమ మందును గలదు. అయితే ఆ సంస్థలోనో పరిశ్రమలోనో పనిచేయువారిలో నూటికి పదిమందియో, లేక నూఱుమందియో, ఏది తక్కువయైన నంతమంది సభ్యులుగా నుండవలయును.

రిజిస్టరు చేయబడిన సంఘమునకు పేరు గలదు, ముద్ర గలదు, నియమావళి గలదు. ఏటేట లెక్కలు చూపవలసిన బాధ్యత గలదు. తన పేర న్యాయస్థానములో వ్యాజ్యము వేయగలదు. యజమాని మరణించినను, కార్యదర్శి మాఱినను, సంఘము మిగిలియుండును. ఒక డ్రైవరు ఒంటరిగా “నాకు రావలసిన కూలి యిమ్ము” అన్నచో రేపు వానికి బండి దొరకదు. ఆ మాటనే సంఘము కాగితముమీద వ్రాసి యిచ్చినచో, కార్మికశాఖాధికారి యిరుపక్షములను పిలిచి కూర్చుండబెట్టవలసియుండును. భేదమంతయు నిందే యున్నది.

ఇచట మీరొక విషయమును జాగ్రత్తగా గమనింపవలయును. లారీల లోకములో “సంఘము” అని వినబడునవి అన్నియు నొకటి కావు. లారీ యజమానుల సంఘములు వేఱు, లారీ పనివారల సంఘములు వేఱు. కిరాయి ధరలు, డీజిలు వెల, పన్నులు, టోలు రుసుములు - ఇవి యజమానుల చింతలు. పని గంటలు, బత్తెము, ప్రమాదపు పరిహారము, పోలీసు కేసు - ఇవి డ్రైవరు చింతలు. కొన్ని చోట్ల రెండును కలియును, పలుచోట్ల కలియవు. తన బండి తానే నడుపుకొను చిన్న యజమాని యీ రెండు గట్లకును నడుమ నిలిచినవాడు. ఉదయము యజమాని, సాయంకాలము డ్రైవరు. ఇట్టివారు హెచ్చుగా నుండుటచేతనే ఈ వృత్తిలో ఎవరి సంఘ మేదియో తేలుట కష్టమగుచున్నది.

ఈ సంగతి 2024 జనవరిలో స్పష్టముగా కనబడినది. అంతకు కొన్ని దినములకు ముందు, 2023 డిసెంబరులో, పార్లమెంటు భారతీయ న్యాయసంహిత నామోదించెను. దాని 106వ సెక్షనులో రెండవ ఉపసెక్షను ఇట్లు చెప్పుచున్నది: అజాగ్రత్తగా బండి నడిపి యొకరి మరణమునకు కారణమైనవాడు, వెంటనే పోలీసునకు గాని మేజిస్ట్రేటునకు గాని తెలుపక పాఱిపోయినచో పది సంవత్సరముల వఱకు చెఱయు, జుల్మానాయు. పాత శిక్షాస్మృతిలో అజాగ్రత్తవలన కలుగు మరణమునకు శిక్ష రెండేండ్ల వఱకే యుండెను. ఈ వార్త డాబాలలో, లారీ అడ్డాలలో, చేతిలోని ఫోనులలో నిప్పువలె వ్యాపించెను. 2024 జనవరి 1వ తేదీన దేశములోని పలు రాష్ట్రములలో డ్రైవర్లు బండ్లు నిలిపివేసిరి. చెర్లపల్లి మొదలగు తావులలోని డిపోలనుండి పెట్రోలు తీసికొనిపోవు ట్యాంకరులు కదలలేదు. 2వ తేదీనాటికి హైదరాబాదులో పెట్రోలు బంకుల యొద్ద జనులు బారులు తీరిరి. ఉన్న నూనె అయిపోవునేమో యను భయముతో అవసరము లేనివారును వచ్చి నింపుకొనిరి. భోజనపు పొట్లములు చేరవేయు యువకుడొకడు చంచల్‌గూడలో గుఱ్ఱమెక్కి పోవుట చూచి నగరమంతయు నవ్వుకొనెను. నవ్వు సరియే గాని, లారీ డ్రైవరు ఒక్క దినము చేయి ముడిచినచో మహానగరము గుఱ్ఱపు కాలమునకు పోవునని అందఱికిని తెలిసినది.

2వ తేదీ రాత్రి ఢిల్లీలో కేంద్ర హోముశాఖ కార్యదర్శి చర్చలు జరిపి, ఆ ఉపసెక్షనును ఇంకను అమలుపఱచలేదనియు, సంప్రదించిన పిమ్మటనే నిర్ణయింతుమనియు చెప్పెను. సమ్మె విరమింపబడెను. న్యాయసంహిత 2024 జూలై 1వ తేదీన అమలునకు వచ్చినప్పుడు 106వ సెక్షను రెండవ ఉపసెక్షనును మాత్రము ప్రభుత్వము పక్కన నుంచినది. రెండు దినములలో నింతటి ఫలితము సాధించిన సమ్మెలు అరుదు.

ఐతే చర్చల బల్ల కీవల కూర్చున్నదెవరు? అఖిలభారత మోటారు ట్రాన్స్‌పోర్టు కాంగ్రెసు. 1936లో స్థాపింపబడిన ఆ సంస్థ లారీ యజమానులది. వారు మాటలాడుట తప్పని నేననను. వారు మాటలాడినందున మేలే కలిగెను. కాని చెఱకు పోవలసినవాడు డ్రైవరు, మాటలాడినవాడు యజమాని. దేశమును రెండు దినములు నిలిపిన లక్షలాది డ్రైవర్ల పక్షమున వారి సొంత సంఘము బల్లయొద్ద కానరాలేదు. పావురములు వలతో నెగిరినవి. వల మెడలోనే యున్నది. ఆ ఉపసెక్షను నిలిపివేయబడినదే గాని పుస్తకమునుండి తొలగింపబడలేదు. మఱియు అదే సెక్షనులోని మొదటి ఉపసెక్షను అజాగ్రత్తవలన కలుగు మరణమునకు శిక్షను రెండేండ్లనుండి ఐదేండ్ల వఱకు పెంచినది. అది అమలులోనికి వచ్చినది. దానిని గూర్చి డ్రైవర్లలో మాటలాడుకొన్నవారు తక్కువ.

ఇచటనే సంఘబలమున కొక దృష్టాంతము కనబడుచున్నది. ఆ మొదటి ఉపసెక్షనులోనే వైద్యులకు మినహాయింపు గలదు. చికిత్స చేయునప్పుడు అజాగ్రత్తవలన మరణము కలిగినచో వైద్యునకు రెండేండ్లకు మించి శిక్ష లేదు. బిల్లు సభలో నుండగనే భారతీయ వైద్య సంఘము విన్నపము చేయగా ఈ మాట చేర్చితిమని హోముమంత్రియే సభలో చెప్పెను. వైద్యులు ఒక్క గంటయైన పని మానలేదు. ఒక్క రోగికిని ఇబ్బంది కలుగలేదు. వారి సంఘము చట్టము వ్రాయువారియొద్దకు సకాలమున పోయి, తమ కష్టమును తెలిపి, అక్షరమునకు అక్షరము వ్రాయించుకొన్నది. లారీ డ్రైవరునకు బిల్లు సంగతి చట్టమైన పిమ్మట, అదియు ఫోనులో వచ్చిన వదంతిగా తెలిసినది. ఒకరు చదువుకొన్నవారు, ఒకరు కారు అను భేదము మాత్రమే యిందుకు కారణము కాదు. ఒకరికి ఏడాది పొడవునను తెఱచియుండు సంఘ కార్యాలయము గలదు, రెండవవారికి లేదు. హిరణ్యకుడు వైద్యుల పక్షమున ముందుగనే పని చేసెను.

ప్రమాదములో మరణించినవాని పక్షము కూడ చెప్పక పోరాదు. మీ గ్రామములలోను రహదారి దాటుచు లారీ క్రింద పడినవారుందురు. కొట్టి పాఱిపోయిన బండివానికి శిక్ష వలదని యెవరనగలరు? క్షతగాత్రుని విడిచి పోవుట మహాపాపము. కాని డ్రైవరు పాఱిపోవునది చాలతఱచుగా శిక్షకు వెఱచి కాదు, గుంపునకు వెఱచి. ఈ మాటను డ్రైవర్లే గాదు, చట్టమును ఒప్పుకొన్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ సెక్షనులో, గాయపడినవానికి చికిత్స చేయించుట డ్రైవరు విధియని చెప్పుచు, గుంపు ఆగ్రహమువలన సాధ్యము కానిచో తప్ప అని మినహాయింపు వ్రాసియున్నది. పోలీసు అధికారి దగ్గఱ లేనిచో సమీపపు ఠాణాలో వీలైనంత త్వరగా, 24 గంటలకు మించకుండ తెలుపవలయుననియు చెప్పినది. బండి విడిచి కొంత దూరము పోయి ఠాణాలో చెప్పుకొన్న డ్రైవరును, బండితో పాఱిపోయిన డ్రైవరును ఒక్కటే యని చూడరాదు. ఈ భేదమును చట్టములో స్పష్టముగా వ్రాయించుట సంఘము చేయవలసిన పని. ఇట్టి పని పెట్రోలు బంకులు మూయించినందున జరుగదు. కాగితము, కలము, ఓపిక వలయును.

మఱి డ్రైవర్లకు సంఘ మేల కుదురదు? ఒకే కర్మాగారములో నూఱుమంది కలిసి పనిచేసినచో మధ్యాహ్న భోజనవేళ మాటలాడుకొందురు. డ్రైవరు తన సహోద్యోగిని ఎదురుగా వచ్చు బండి దీపముల వెలుగులో ఒక్క నిమిషము చూచును. నేడు నాచారములో నున్నవాడు ఎల్లుండి నాగపురములో నుండును. యజమానికి అప్పుపడి ముందుగా సొమ్ము తీసికొన్నవాడు నోరు మెదపడు. పైగా తన పేర పనిచేసినట్లు ఒక్క కాగితమును ఉండదు. కాబట్టి చందా వసూలు చేయుట, సభ జరుపుట, ఎన్నిక నిర్వహించుట - సర్వమును కష్టమే.

హమాలీల సంగతి యింతకంటె మేలు. వారు ఒకే గిడ్డంగి యొద్ద, ఒకే అడ్డాలో, ముఠాగా పనిచేయుదురు. బస్తా కింతయని, క్వింటాలు కింతయని కూలిని ముఠామేస్త్రి ద్వారా పంచుకొందురు. ముఠాయే సగము సంఘము. అందుచేత వారివిషయమున చట్టములును ముందుగనే వచ్చినవి. మహారాష్ట్రలో అన్నాసాహెబు పాటీలు మొదలగువారి కృషివలన 1969లో మాథాడీ, హమాలీ పనివారల చట్టము చేయబడెను. దాని ప్రకారము వ్యాపారి కూలిని నేరుగా గాక, త్రిపక్ష మండలికి చెల్లించును. దానిపై భవిష్యనిధి మొదలగువాటికై కొంత సొమ్మును అదనముగా కట్టును. యజమాని యెవరని హమాలీ వెదకికొన నక్కఱలేదు; మండలియే వానికి జీతపుచీటి. ఆ మార్గముననే 1976లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముఠా, జట్టు, హమాలీ పనివారల చట్టమును చేసినది. కాని మహారాష్ట్రలో మండలులు నడచినట్లు మనయొద్ద నడువలేదు. సంక్షేమ మండలి కావలయునని తెలంగాణ హమాలీ సంఘములు కోరుచునే యున్నవి. చట్ట మొకటే వ్రాసినంత మాత్రమున కాదు, దానిని వెంటబడి నడిపించు సంఘ మెంత బలముగా నున్నదో ఫలమంత.

దూరదేశములలో డ్రైవర్లు ఈ కష్టము నెట్లు దాటిరో చూచుట మంచిది. అమెరికాలో డ్రైవర్ల సంఘమునకు “టీమ్‌స్టర్లు” అని పేరు. టీము అనగా బండికి కట్టిన గుఱ్ఱముల జట్టు. మోటారు లారీలు ప్రబలకముందే, 1903లో, గుఱ్ఱపుబండ్లవారు స్థాపించిన సంఘమది. మన దక్కనులో లంబాడీలు ఎద్దులమీద ఉప్పును, ధాన్యమును మోసికొని తండాలుగా నడచినట్లు, వారును జట్లుగా నడచిరి. 1934లో మినియాపొలిసు నగరపు లారీ పనివారు సమ్మె చేసిరి. పోలీసు కాల్పులలో ఇద్దఱు సమ్మెదారులు మరణించిరి. అయినను వారు చెదరలేదు. సమ్మెకాలమున వారు సొంత వంటశాల నడిపిరి, దినపత్రికను అచ్చువేసిరి, స్త్రీలు సహాయక సంఘముగా నేర్పడిరి. చుట్టుప్రక్కల రైతుసంఘములవారు వారికి ఆహారపదార్థములు పంపిరి. లారీవాడు, రైతు అన్యోన్యము ఆదుకొన్న ఘట్టమిది, మీరు గుర్తుంచుకొనదగినది. ముప్పదియేండ్లకు, 1964లో, దేశమంతటి సరకు లారీల డ్రైవర్లకు ఒకే ఒడంబడిక కుదిరెను. ఒక యజమానితో కాదు, వేలకొలది యజమానులతో ఒక్కసారి కుదిరిన ఒడంబడిక అది. చెదరియున్న వృత్తిలోను సంఘము సాధ్యమని అది చూపినది.

కాని ఆ సంఘమే తరువాత అపకీర్తిని మూటగట్టుకొన్నది. దాని నాయకులలో కొందఱు సభ్యుల నిధులను దుర్వినియోగము చేసి, దుండగులతో చెలిమి చేసిరని విచారణలు జరిగెను. అధ్యక్షుడగు జిమ్మీ హోఫా చెఱకు పోయెను. కథలోని చిత్రగ్రీవుడు ఎలుకతో ఏమనెను? ముందు నావారి బంధములు కొఱుకుము, నావి పిమ్మట అనెను. నాయకుని పరీక్ష యిదియే. లెక్క చూపని కార్యదర్శి, ఎన్నిక జరుపని అధ్యక్షుడు వేటగానికంటె హెచ్చు అపాయము.

సమ్మె యనునది చివరి యాయుధమనియు మఱువరాదు. తెలంగాణ ఆర్టీసీ కార్మికులు చెదరియున్నవారు కారు. నమోదైన సంఘములు గలవారు. సుమారు 48 వేలమంది 2019 అక్టోబరు 5వ తేదీనుండి 52 దినములు సమ్మె చేసిరి. ప్రభుత్వములో విలీనము మొదలగు కోరికలు తీరకయే విరమింపవలసివచ్చెను. నడుమ కొందఱు ప్రాణములు గూడ పోగొట్టుకొనిరి. విలీనపు బిల్లును శాసనసభ 2023 ఆగస్టులో ఆమోదించెను. సమ్మె విత్తనమువంటిది, విత్తిన దినముననే పంట రాదు, కొన్నిమార్లు విత్తినవాని కండ్లయెదుట రానే రాదు. క్రొత్త స్మృతి ప్రకారము ఏ సంస్థలోనైన సమ్మెకు ముందుగా 14 దినముల నోటీసు ఈయవలయును. ఆ నోటీసు వ్రాయుటకైనను సంఘము కావలయును గదా!

ఇక పెద్దలుగా మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగించెదను. మీ యూరినుండి ఎందఱు లారీలమీద పోవుచున్నారో యొక పట్టిక వ్రాయుడు. ప్రతివాడును తాను నడుపు బండి నంబరు, యజమాని పేరు, ఊరు, బీమా కాగితపు నకలు ఇంటిలో నుంచవలయును. ట్రిప్పు వివరములు - ఏ దినమున ఎక్కడ లోడు ఎక్కినది, ఎక్కడ దిగినది - చిన్న పుస్తకములో వ్రాసికొనవలయును. ప్రమాదము కలిగినప్పుడు ఈ పుస్తకమే సాక్షి. పనిలో నుండగా ప్రమాదమువలన డ్రైవరు గాని క్లీనరు గాని మరణించినను, అంగహీనుడైనను పరిహార మీయవలయునను చట్టము 1923లోనే పుట్టినది; ఇప్పుడది 2020 సామాజిక భద్రతా స్మృతిలో గలదు. ఒక్క బండి గల యజమానియు దీనికి బద్ధుడే. బీమా యున్నచో సాధారణముగా ఆ సొమ్మును బీమా కంపెనీయే చెల్లించును. చిన్న యజమాని కూలిపోవడు. ఈ సంగతి తెలియక, యజమాని దయతలచి యిచ్చిన కొద్దిసొమ్ముతో తృప్తిపడి వ్రేలిముద్ర వేసిన వితంతువు లెందఱో! అట్టి కాగితముమీద వ్రేలిముద్ర వేయనీయకుడు. ఆలస్యము చేయక కార్మికశాఖ వారియొద్దకు పంపుడు.

రెండవది, సంఘములో చేరుమని మీ పిల్లలకు చెప్పుడు. ఏ జెండా సంఘమని నేను చెప్పను. అది వారి యిష్టము. కాని మూడు ప్రశ్నలు అడిగి చేరుమనుడు: ఈ సంఘము రిజిస్టరైనదా? ఏటేట లెక్క చదివి వినిపించునా? దీని నాయకులను ఎన్నుకొనువారు పనివారా, యజమానులా? ఈ మూడింటికి సరియైన జవాబు వచ్చినచో చందా కట్టుటకు వెనుదీయవలదు.

మూడవది మీ చేతిలోనే యున్నది. మీ యూరి ప్రక్క రహదారిమీద ప్రమాదము జరిగినప్పుడు గుంపు చేయి చేసికొనకుండ ఆపుడు. గాయపడినవానిని ఆసుపత్రికి పంపి, డ్రైవరును పోలీసులకు అప్పగింపుడు. కొట్టరను నమ్మకము కలిగిననాడు డ్రైవరు పాఱిపోడు. పాఱిపోనినాడు పడినవాని ప్రాణము దక్కును. కఠినశిక్ష చేయజాలని మేలును మీ గ్రామపు రచ్చబండ చేయగలదు.

ఆ రాత్రి గిడ్డంగి యొద్ద నిలిచినవాని ప్రశ్నకు నేటికిని సంపూర్ణమైన సమాధానము లేదు. నిలిచిన బండియొద్ద కాచుకొనియున్న గంటలును పనిగంటలే యని వ్రాయించవలసినవారు వారే, వ్రాయించగలిగినది సంఘమే. వల ఎత్తుకొని యెగురుట వారికి వచ్చినదని దేశము చూచినది. ఇక త్రాళ్లు ఒక్కొక్కటిగా తెగవలయును.